మీకు తెలుసా? సంక్రాంతి దాటాక విత్తే గింజల కథ

చలి దేశాల్లో పెరటి సాగు చేసేవాళ్లు చలికాలం చివర్లో ఇంట్లోనే కుండీల్లో గింజలు మొలిపించి, బయట మంచు పడడం ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూస్తారు. అనంతపురం జిల్లా కణేకల్‌లో లెక్క దీనికి తలకిందులు. ఇక్కడ మొక్కకు శత్రువు ఏప్రిల్ ఎండ. జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీలుండే వేడి ఏప్రిల్ మధ్యాహ్నానికి 39, 40కి చేరుతుంది. ఆలోగా మొక్క మొలిచి, వేరు దించి, పిందె పట్టాలి. అందుకే సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఉన్న కొద్ది వారాలే కూరగాయల గింజకు, పూల గింజకు అసలైన అదను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు అననే అన్నారు.

టమోటా సంగతి చూడండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తుంటే పుప్పొడి పనిచేయదు. పూత వచ్చినట్టే వచ్చి రాలిపోతుంది. మందు కొట్టినా, ఎరువు వేసినా అది ఆగదు. నారు పెరగడానికి సుమారు 25 రోజులు, నాటాక పూతకు ఇంకో నెల పడతాయి కాబట్టి, పండగ నాటికే నారుమడి పోసుకోవడం మంచిది. మదనపల్లె వైపు వేసవిలోనూ టమోటా పండుతోందంటే, ఆ ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తున చల్లగా ఉండడం దానికి ముఖ్య కారణం.

సొర, బీర, దోస, గుమ్మడి పాదుల్లో మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. పువ్వు వెనక చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగది. ముందు మగపూలే వస్తాయి, కాబట్టి మొదటి వారాల్లో కాయ నిలవలేదని తీగ పీకేయకండి. ఏ పూలు ఎన్ని రావాలన్నది వాతావరణాన్ని బట్టి కూడా మారుతుంది. పగటి పొద్దు తక్కువగా, రాత్రి చల్లగా ఉంటే ఆడపూలు పెరుగుతాయి. పొద్దు సాగి ఎండలు ముదిరితే మగపూలే ఎక్కువవుతాయి. జనవరి చివర పెట్టిన పాదుకూ మార్చి చివర పెట్టిన పాదుకూ కాపులో అంత తేడా రావడానికి ఇదొక కారణం. ఇంకో విశేషం: గుమ్మడి, దోస, కాకర పూలు పొద్దున విచ్చుకుంటే సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. తెల్లటి సొరపువ్వు మీద చీకటిపడ్డాక వాలే రెక్కల పురుగులే ఎక్కువగా పుప్పొడిని మోసేది. సాయంత్రం పూట పాదు మీద పురుగుమందు కొడితే సొరకాయకు మనమే అడ్డుపడ్డట్టు.

అనపకాయలు సంక్రాంతి వేళకే ఎందుకు వస్తాయి? మన నాటు అనప, పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకొస్తాయి. కణేకల్‌లో జూన్ పగలుకూ డిసెంబర్ పగలుకూ తేడా గంటా ముప్పావే. ఆ కాస్త తేడాను ఈ మొక్కలు పసిగడతాయి! మొక్కలు పగటి నిడివిని బట్టి పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు పొగాకు, సోయాచిక్కుడు మీద ప్రయోగాలతో లోకానికి చెప్పారు. అనపను వానాకాలం మొదట్లో చేనులో వేసే మన రైతుకు ఆ సంగతి అనుభవంలో ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు మాఘంలో నాటు చిక్కుడు గింజ పెడితే సాధారణంగా తీగ పందిరంతా పాకుతుంది గాని కాయ కోసం మళ్లీ చలికాలం దాకా ఆగాలి. వేసవిలోనే చిక్కుడు కావాలంటే పొద్దుతో పనిలేని పొట్టి రకాలున్నాయి. బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే.

ఎండను ఓర్చుకునే గింజలు మాత్రం బెండ, గోరుచిక్కుడు. బెండ చల్లటి నేలలో మొలవడానికి మొరాయిస్తుంది కాబట్టి రాత్రంతా నానబెట్టి, నేల కాస్త వేడెక్కాక, ఫిబ్రవరిలో పెట్టండి. గట్టి పెంకున్న కాకర గింజకు ఒక పగలూ రాత్రీ నాననివ్వడం మేలు.

ధనియం నిజానికి ఒక గింజ కాదు, రెండు గింజలున్న కాయ. చేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లితే మొలక బాగా వస్తుంది. ఇది కూడా ఎండ ముదరక ముందు పనే. వేడి పెరిగితే కొత్తిమీర ఆకు మాని పూతకెళ్లిపోతుంది.

ఇక పూలు. బంతి మొక్క విత్తిన రెండు నెలలకు పూయడం మొదలుపెడుతుంది. సంక్రాంతికి విత్తితే ఉగాది గుమ్మానికి మన పెరటి తోరణమే కట్టుకోవచ్చు. బంతికి ఇంకో పని కూడా ఉంది. టమోటా కాయను తొలిచే శనగపచ్చ పురుగు ఉంది కదా, దాని తల్లి రెక్కల పురుగుకు టమోటా కన్నా బంతిపూల మీద గుడ్లు పెట్టడం ఇష్టం. అందుకే 16 వరుసల టమోటాకు ఒక వరుస బంతి వేయమని హెసరఘట్ట సంస్థే చెబుతోంది. ఇక్కడ చాలామంది మరిచే కిటుకు ఒకటుంది: నాటేనాటికి బంతి నారు వయసు 45 రోజులు, టమోటా నారు వయసు 25 రోజులు ఉండాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. అంటే బంతి గింజ 20 రోజులు ముందే మడిలో పడాలి. రెండూ ఒకేరోజు విత్తితే ఎర వేసిన ఫలితం సగం పోయినట్టే.

అదను ఎంత మంచిదైనా నీళ్లు లేనిదే గింజ మొలవదు గదా. తుంగభద్ర ఎగువ కాలువ కర్ణాటకలో 105 కిలోమీటర్లు నడిచి మన జిల్లాలోకి వస్తుంది. బొమ్మనహాళ్, కణేకల్ మీదుగా పోయే ఆ కాలువ వల్లే ఈ కరువు సీమలో వరిమళ్లు కనిపిస్తాయి. కానీ చలికాలం ముగిసేసరికి కాలువ నీళ్లు సాధారణంగా తగ్గిపోతాయి. జిల్లాలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అందులో పెద్ద వాటా సెప్టెంబర్, అక్టోబర్‌లదే. జనవరి నుంచి మార్చి దాకా వాన లేనట్టే లెక్క. పైగా హగరి నది ఒడ్డున ఇసుక మేటలున్న నేలలు పోసిన నీటిని పట్టి ఉంచవు.

దీనికి పాత ఉపాయం ఒకటుంది. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో చైనాలో ఫాన్ షెంగ్‌జీ అనే వ్యవసాయ పండితుడు దోసజాతి పాదుల గురించి రాస్తూ, గుంత నడుమ మట్టి కుండను మూతి నేలమట్టానికి ఉండేలా పాతి, నీళ్లు నింపి, నాలుగు వైపులా నాలుగు గింజలు పెట్టమన్నాడు. కుండ మీద మూత వేసి, నీళ్లు తగ్గినప్పుడల్లా నింపమన్నాడు. కాల్చిన మట్టి కుండ గోడ గుండా నీరు కొంచెం కొంచెంగా ఊరుతుంది. వేళ్లు అటే సాగుతాయి, పైనేల పొడిగానే ఉంటుంది కాబట్టి ఎండకు ఆవిరయ్యేది తక్కువ. రెండు బిందెల నీళ్లు పోయడమే కష్టమయ్యే పెరట్లో ఇంతకన్నా మేలైన పద్ధతి నాకు తోచదు. కుండకు మెరుపు పూత, రంగు ఉండకూడదు, అంతే.

చివరగా ఒక హెచ్చరిక. నీటి ఎద్దడికి, ఎండకు తట్టుకోలేని పాదులో సొరకాయ ఒక్కోసారి చేదెక్కుతుంది. ఆ చేదు విషమే. వండే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి, దాని గింజ కూడా దాచొద్దు. చేదు సొరరసం తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు కూడా చెప్పారు. రంగు మందు పూసిన ప్యాకెట్ గింజలు ముట్టుకున్న చేతిని సబ్బుతో కడుక్కోండి. అవి పిల్లలకు అందనివ్వకండి.

ఇంట్లో బూడిదలో కలిపి దాచిన నాటు బీర, దోస, గోరుచిక్కుడు గింజలుంటే ఈసారి శివరాత్రి దాటనివ్వకండి. ఉన్న నీటికి సరిపడా నాలుగు పాదులే పెట్టండి. మిగిలిన గింజలు పక్కింటివాళ్లకు ఇవ్వండి.