రక్తహీనత ఒకటి, కారణాలు అనేకం: సికిల్ సెల్, తలసీమియా, ఇనుము లోపాల మధ్య వ్యవసాయ కుటుంబాలు గుర్తించవలసిన భేదాలు

మినుము చేనులో ఆకులు పసుపు రంగుకు మారినప్పుడు అనుభవజ్ఞుడైన రైతు వెంటనే పిచికారీకి పూనుకోడు. ముందుగా మొక్కను పరిశీలిస్తాడు. ముదురు ఆకులు మొదట పాలిపోతే నత్రజని లోపంగా భావిస్తాడు. లేత ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మాత్రమే పాలిపోతే ఇనుపధాతు లోపమని గ్రహిస్తాడు. పసుపు మచ్చలు అక్కడక్కడ మొదలై ఆకంతా వ్యాపిస్తే అది తెల్లదోమ ద్వారా సంక్రమించే పల్లాకు తెగులు. అన్నభేది ద్రావణం ఎన్నిసార్లు పిచికారీ చేసినా పల్లాకు తెగులు తగ్గదని అతనికి తెలుసు. లక్షణం ఒకటే అయినా కారణాన్ని బట్టి చికిత్స మారుతుందన్నది సస్యరక్షణలో మొదటి పాఠం.

మనిషి రక్తం విషయంలో ఈ విచక్షణ మన గ్రామాలలో అంతగా కనిపించదు. ముఖం పాలిపోయి, ఆయాసంతో, పొలం పని మధ్యలో కూలబడే వారిని చూడగానే ‘రక్తం తక్కువైంది, ఇనుము మాత్రలు వాడాలి’ అనడం పరిపాటి. ఈ సలహా అనేకులకు మేలు చేస్తుంది. కొందరికి ఏ ప్రయోజనమూ కలిగించదు. కొద్దిమందికి హాని చేస్తుంది. ఈ మూడు వర్గాల మధ్య భేదాన్ని వివరించి, దీర్ఘకాలిక రక్త రుగ్మతతో జీవించే వ్యవసాయ కుటుంబాలకు ఆహారం, పని విషయాలలో ఉపకరించే అంశాలను తెలియజేయడం ఈ వ్యాస ఉద్దేశం.

సమస్య విస్తృతి

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 సంవత్సరాల మహిళలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆరు నెలల నుండి ఐదేళ్లలోపు పిల్లలలో దేశ సగటు 67.1 శాతం. నాట్లు, కలుపు తీత, పత్తి తీత వంటి పనులలో అధిక భాగం మహిళలదే కనుక ఇది ఆరోగ్య శాఖకు మాత్రమే సంబంధించిన అంశం కాదు, వ్యవసాయ రంగ సమస్య కూడా.

అయితే ఈ అంకెలు హిమోగ్లోబిన్ స్థాయిని తెలుపుతాయే గాని, అది ఎందుకు తగ్గిందో చెప్పవు. గర్భం లేని స్త్రీలలో డెసిలీటరుకు 12 గ్రాములు, గర్భవతులలో 11 గ్రాములు, పురుషులలో 13 గ్రాములకంటే తక్కువ హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనతగా పరిగణిస్తారు. ఇనుము లోపం ప్రధాన కారణమే అయినా ఏకైక కారణం కాదు.

శరీరంలో ఇనుము జమాఖర్చు

వయోజనుల శరీరంలో మొత్తం 3 నుండి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. అందులో సుమారు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు జీవిస్తుంది. నశించిన కణాల నుండి రోజుకు 20–25 మిల్లీగ్రాముల ఇనుమును శరీరం తిరిగి సేకరించి కొత్త కణాల తయారీకి వినియోగించుకుంటుంది. ఆహారం నుండి పేగు గ్రహించేది రోజుకు 1–2 మిల్లీగ్రాములు మాత్రమే. సహజంగా బయటకు పోయేది కూడా దాదాపు అంతే. రుతుస్రావం వల్ల స్త్రీలలో ఈ నష్టం కొంత అధికం.

ఇక్కడ ఒక ముఖ్యాంశాన్ని గమనించాలి. అదనంగా చేరిన ఇనుమును బయటకు పంపే ప్రత్యేక మార్గం మానవ శరీరానికి లేదు. శరీరం తన అవసరాన్ని బట్టి పేగు వద్దనే రాకను నియంత్రిస్తుంది. కాలేయం ఉత్పత్తి చేసే హెప్సిడిన్ అనే హార్మోను ఈ పని నిర్వహిస్తుంది. ఇది చెరువు తూము వంటిది. అలుగు లేని చెరువుకు తూమే రక్షణ. తూమును దాటి మరో దారిన నీరు చేరితే కట్టకు ప్రమాదం తప్పదు.

ఒకే లక్షణం, మూడు స్థితులు

మొదటిది ఇనుము లోపం. ఆహారంలో కొరత, అధిక రుతుస్రావం, తక్కువ వ్యవధిలో గర్భాలు, కొంకి పురుగులు ఇందుకు కారణాలు. చెప్పులు లేకుండా తడి నేలలో నడిచేవారి పాదాల చర్మం ద్వారా కొంకి పురుగు పిల్లదశలు శరీరంలో ప్రవేశించి, పేగులో స్థిరపడి రక్తాన్ని పీల్చుకుంటాయి. ఈ స్థితిలో ఎర్ర కణాలు చిన్నవిగా, పాలిపోయి ఉంటాయి. రక్తంలో ఫెరిటిన్ తగ్గుతుంది. ఇనుము మాత్రలు, నులిపురుగుల మందు దీనికి సరైన చికిత్స.

రెండవది తలసీమియా. ఇది హిమోగ్లోబిన్ తయారీలో వంశపారంపర్యంగా వచ్చే లోపం. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఈ జన్యువును పొందినవారు వాహకులు. వారి ఎర్ర కణాలు కూడా చిన్నవిగా, పాలిపోయి ఉంటాయి కనుక సాధారణ రక్తపరీక్షలో ఇనుము లోపమని పొరబడే అవకాశం ఎక్కువ. అయితే వీరిలో ఫెరిటిన్ సాధారణంగా తగ్గదు. హిమోగ్లోబిన్ ఎ2 అనే అంశం 3.5 శాతానికి మించి ఉంటుంది. ఇనుము లోపం లేని వాహకులు ఏళ్ల తరబడి మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగదు. పల్లాకు తెగులుపై అన్నభేది పిచికారీ చేసినట్లే అవుతుంది. ఇద్దరి నుండీ లోప జన్యువు పొందిన తలసీమియా మేజర్ పిల్లలకు శైశవం నుండే రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి ఉంటుంది. ఒక్కొక్క యూనిట్ రక్తంతో 200–250 మిల్లీగ్రాముల ఇనుము తూమును దాటి నేరుగా శరీరంలో చేరుతుంది. అది గుండెలో, కాలేయంలో, వినాళ గ్రంథులలో పేరుకుపోతుంది. దానిని తొలగించేందుకు డెఫెరాసిరాక్స్ వంటి మందులు జీవితాంతం వాడాలి.

మూడవది సికిల్ సెల్ వ్యాధి. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలిన్ చేరడం దీనికి మూలం. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్ర కణం కొడవలి ఆకారానికి మారి సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటుంది. తీవ్రమైన నొప్పి కలుగుతుంది. ఇటువంటి కణం 120 రోజులకు బదులు 10–20 రోజులే జీవిస్తుంది. మన దేశంలో ఈ జన్యువును మొదట 1952లో నీలగిరి ప్రాంత గిరిజనులలో గుర్తించారు. తెలుగు రాష్ట్రాలలో ఆదిలాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల గిరిజన సమూహాలలో ఇది కనిపిస్తుంది. ఒకే లోప జన్యువు గల వాహకులకు తీవ్ర మలేరియా నుండి కొంత రక్షణ ఉన్నందువల్లనే మలేరియా పీడిత ప్రాంతాలలో ఈ జన్యువు నిలిచింది. వ్యాధిగ్రస్తులకు మాత్రం ఆ రక్షణ లేదు. వారికి మలేరియా ప్రాణాంతకం కాగలదు.

రెండు సమస్యలు ఒకే వ్యక్తిలో

‘సికిల్ సెల్ ఉన్నవారికి ఇనుము ఇవ్వరాదు’ అనే మాట కొన్నిచోట్ల నియమంగా ప్రచారంలో ఉంది. ఇందులో సగం మాత్రమే సత్యం. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారి విషయంలో ఇది సరైనదే. కానీ ఒక్కసారి కూడా రక్తం ఎక్కించుకోని, రుతుస్రావం గల, పప్పు, ఆకుకూర అరుదుగా లభించే కుటుంబంలోని యువతికి సికిల్ సెల్ వ్యాధితో పాటు ఇనుము లోపం కూడా ఉండవచ్చు. విచ్ఛిన్నమైన కణాల నుండి కొంత ఇనుము మూత్రం ద్వారా కూడా నష్టమవుతుంది. ఆమెకు ‘నీ జబ్బుకు ఇనుము పనికిరాదు’ అని చెప్పి పంపితే, తగ్గించగలిగిన నీరసాన్ని తగ్గించకుండా వదిలినట్లే. తలసీమియా వాహకులలోనూ ఇనుము లోపం తోడుకావచ్చు. అట్టి సందర్భంలో హిమోగ్లోబిన్ ఎ2 తగ్గి వాహక స్థితి పరీక్షకు అందకపోవచ్చు. లోపాన్ని సరిదిద్దిన పిమ్మట పరీక్షను మరల చేయించడం అవసరం.

కనుక నిర్ణయానికి ఆధారం వ్యాధి పేరు కాదు, ఫెరిటిన్ పరీక్ష. ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాములకంటే తక్కువ ఉంటే వయోజనులలో ఇనుము లోపం నిర్ధారణ అవుతుంది. జ్వరం, వాపు, నొప్పి ఉన్న సమయంలో ఫెరిటిన్ పెరుగుతుంది. అందువల్ల ఈ పరీక్ష ఆరోగ్యం నిలకడగా ఉన్న రోజులలో చేయించాలి. మాత్ర వాడాలా వద్దా అన్నది వైద్యుని నిర్ణయం. గతంలో ఎన్నిసార్లు రక్తం ఎక్కించారో వైద్యునికి తెలియజేయడం రోగి కుటుంబం బాధ్యత.

అధిక ఇనుము హానికరమన్న విషయం వ్యవసాయదారులకు కొత్త కాదు. మురుగునీటి పారుదల లేని ఆమ్ల నేలలలో కరిగిన ఇనుము పెరిగి వరి ఆకులు ఇటుక రంగుకు మారడం చూస్తూనే ఉన్నాము. సున్నపు నేలల వేరుశనగలో లోపించిన ధాతువే అక్కడ విషమవుతుంది.

నేల నుండి కంచం వరకు

భూమి పైపొరలో బరువు రీత్యా ఇనుము వాటా సుమారు 5 శాతం. మన ఎర్ర నేలల రంగు దాని ఆక్సైడ్లదే. అయినప్పటికీ సున్నం అధికంగా గల నేలలలో అది మొక్కకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలన్న సిఫారసు ఇందుకే. ఇనుము ఉండటం వేరు, అందడం వేరు. ఆహారంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు. జొన్నలలో 3.95, రాగులలో 4.62, సజ్జలలో 6.42 మిల్లీగ్రాములు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, రాహురిలోని మహాత్మా ఫూలే కృషి విద్యాపీఠ్ సహకారంతో వెలువడిన ‘ధనశక్తి’ సజ్జ రకంలో ఇనుము కిలోకు సుమారు 71 మిల్లీగ్రాములు. 2018 నుండి అఖిల భారత సమన్వయ పరిశోధన పథకంలో కొత్త సజ్జ రకాల విడుదలకు కిలోకు కనీసం 42 మిల్లీగ్రాముల ఇనుము, 32 మిల్లీగ్రాముల జింకు ఉండాలన్న ప్రమాణం అమలులో ఉంది.

చిరుధాన్యాలలోని ఫైటేట్ ఇనుమును బంధించి పేగుకు అందకుండా చేస్తుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్ తగ్గుతుంది. రాత్రి కలిపి ఉదయం త్రాగే అంబలి, మొలకెత్తిన రాగుల పిండితో చేసే జావ శాస్త్రీయంగా సమంజసమైనవి. భోజనంతో నిమ్మరసం, ఉసిరి, జామ వంటివి తీసుకుంటే ఇనుము గ్రహింపు పెరుగుతుంది. టీ, కాఫీ భోజనానికి కనీసం గంట ఎడంగా ఉండాలి.

ఈ సలహాలు ఇనుము లోపం ఉన్నవారికి ఉద్దేశించినవి. తరచుగా రక్తం ఎక్కించుకునేవారు రాగులు, ఆకుకూరలు మానవలసిన పనిలేదు. వారికి రక్తం ద్వారా చేరే ఇనుముతో పోల్చితే ఆహారం నుండి వచ్చేది స్వల్పం. వైద్యుడు సూచించనిదే వారు వాడకూడనివి ఇనుము మాత్రలు, టానిక్కులు. రక్తం అరుదుగా అవసరమయ్యే మధ్యస్థ తలసీమియాలో మాత్రం పేగు ఇనుమును అధికంగా గ్రహిస్తుంది కనుక భోజనంతో పాటు టీ త్రాగమని వైద్యులు సూచించడం కద్దు. ఒకరికి నిషేధించినది మరొకరికి ఔషధం కావడం ఇక్కడ గమనార్హం.

ఎర్ర కణాలు త్వరగా నశించేవారికి కొత్త కణాల తయారీ నిమిత్తం ఫోలిక్ ఆమ్లం అధికంగా అవసరం. 1945లో లెడర్లే ప్రయోగశాలలో దీనిని సంశ్లేషించిన పరిశోధనకు సారథ్యం వహించినది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. పెసర, శనగ, ఆకుకూరలలో ఇది సహజంగా లభిస్తుంది. ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే నష్టమవుతుంది.

పని, నీరు, వాతావరణం

సికిల్ సెల్ వ్యాధిగ్రస్తులలో నొప్పి దశను ప్రేరేపించేవి నిర్జలీకరణ, అతి శ్రమ, చలి, జ్వరం. వీటిలో మొదటి మూడు పొలం పనిలో నిత్యం ఎదురయ్యేవే. కనుక కింది జాగ్రత్తలు పాటించడం శ్రేయస్కరం.

• దాహం కోసం వేచి ఉండక, పని మధ్యలో తరచుగా నీరు త్రాగాలి. నీటి పాత్ర గట్టుపైన కాక, పని చేసే చోటికి దగ్గరగా ఉండాలి.

• వేసవిలో మధ్యాహ్నపు ఎండలో పని మానాలి. చలికాలంలో తెల్లవారుజామున చన్నీటి మడిలో దిగి నారు పీకడం, నాట్లు వేయడం తగదు. విత్తనశుద్ధి, గింజల తూర్పార, కూరగాయల గ్రేడింగు వంటి పనులు వీరికి అనుకూలం.

• గుత్త పనిలో జట్టుతో సమానంగా పరుగెత్తవలసి వస్తుంది. రోజు కూలిపై, విరామంతో కూడిన పని మేలు. జట్టు మేస్త్రీకి విషయం తెలిసి ఉంటే విశ్రాంతిని సోమరితనంగా భావించరు.

• చీలమండ వద్ద పుండ్లు ఈ వ్యాధిలో సాధారణం, మానడం కష్టం. బురదలో దిగేటప్పుడు కాళ్లకు రక్షణ ఉండాలి. ఇది కొంకి పురుగుల నివారణకు కూడా ఉపకరిస్తుంది.

• జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం కనిపిస్తే పని ముగిసే వరకు ఆగక ఆసుపత్రికి చేర్చాలి. హైడ్రాక్సీయూరియా వాడేవారు నొప్పి లేదని మధ్యలో మానరాదు.

ముందుగా తెలుసుకోవలసినది

2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్య స్థాయి నుండి తొలగించాలని లక్ష్యంగా పెట్టుకొని, 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు నిర్వహిస్తున్నది. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది కనుక తరువాతి ముగ్గురికి రాదని భావించడం పొరపాటు. మేనరికాలు ఆచరించే కుటుంబాలలో ఒకరికి వ్యాధి ఉన్నట్లయితే, పెళ్లి సంబంధం నిశ్చయించుకునే ముందు ఇరువైపులా పరీక్ష చేయించుకోవాలి. వాహకులు రోగులు కారు. వారికి వివాహయోగ్యత లేదని భావించడం కూడా అంతే తప్పు.

భూసార పరీక్ష చేయించకుండా ఎరువు వేయరాదని మనం ఏటా చెబుతున్నాము. మూడు నెలలు క్రమం తప్పక ఇనుము మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ పెరగని వ్యక్తికి మరో సీసా టానిక్కు కొనేముందు ఫెరిటిన్, హిమోగ్లోబిన్ రకం పరీక్షలు రెండూ చేయించడం అవసరం. హిమోగ్లోబిన్ రకం పరీక్షను జీవితంలో ఒకసారి సరిగా చేయించి, ఫలితపు కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో సమానంగా భద్రపరచుకోవాలి. ఫెరిటిన్ మాత్రం కాలానుగుణంగా మారేది కనుక, భూసార పరీక్ష వలె, వైద్యుడు సూచించిన వ్యవధిలో మరల చేయించుకోవాలి.