కొంకిపురుగుపై దాతృత్వపు దండయాత్ర

అమెరికా దక్షిణ రాష్ట్రముల పల్లెలలో పిల్లలు పాలిపోయి, చదువులో వెనుకబడుటకు సోమరితనమే కారణమని చాలమంది తలంచెడివారు. నిజమునకు కారణము కొంకిపురుగు. మలముతో నేలబడిన గ్రుడ్లనుండి వెలువడిన డింభకములు వట్టికాళ్ల చర్మమును తొలుచుకొని రక్తములో ప్రవేశించును. ఊపిరితిత్తులమీదుగా గొంతు చేరి, మ్రింగబడి, ప్రేగులలో నిలిచి రక్తమును పీల్చును.

1909లో రాక్‌ఫెల్లర్ ఈ వ్యాధి నివారణకు 10 లక్షల డాలర్లు విరాళ మిచ్చెను. 11 రాష్ట్రములలో వైద్యులు శిబిరములు పెట్టి, సూక్ష్మదర్శినిలో గ్రుడ్లను ప్రజలకే చూపి, థైమాల్ అను మందిచ్చిరి. పరీక్షించిన పిల్లలలో నూటికి సుమారు 40 మందికి వ్యాధి యున్నట్లు తేలెను.

అయితే మందు ప్రేగులను శుభ్రపరచునేకాని నేలను శుభ్రపరుపజాలదు. మరుగుదొడ్డి లేనిచోట వ్యాధి మరల వచ్చును. దాత మందు నీయగలడు; దొడ్డి కట్టి వాడుకొనవలసినది ఊరివారే.