వేషాలు వేయడం లేదండీ

మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళను చూసుకునే హోముల్లో ఒక సలహా నోటి నుంచి నోటికి పాకుతూ ఉంటుంది. సీనియర్ కేర్‌టేకర్ కొత్తగా చేరిన అమ్మాయికి చెబుతుంది, ఇంచార్జి ఇద్దరికీ చెబుతాడు, చివరికి కన్నవాళ్ళూ తలాడిస్తారు: "డౌన్ సిండ్రోమ్ వాళ్ళకి నలభై దాటితే మొండితనం ముదురుతుంది. లొంగామా, నెత్తికెక్కుతారు. రెండు రోజులు గట్టిగా ఉంటే దారికొస్తారు."

గట్టిగా ఉండటమంటే ఏమిటో విప్పి చెప్పుకుందాం. చెప్పిన పని చేసేదాకా అన్నం పెట్టకపోవడం. టీవీ కట్టేయడం. గదిలో ఉంచి గడియ వేయడం. అప్పటికీ దారికి రాకపోతే రాత్రికో మాత్ర.

ఒక హోములో నలభై ఏడేళ్ళాయన ఉన్నారు. భోజనాల వేళ అందరికీ కంచాలు వేసేది ఆయనే. కంచం, కుడిపక్కన గ్లాసు, గ్లాసు మీద మూత. ఏళ్ళ తరబడి అదే వరస. కొన్ని నెలలుగా ఒకరికి రెండు కంచాలు పడుతున్నాయి, ఇంకొకరికి ఉత్త గ్లాసే. స్నానానికి తీసుకెళ్తే బాత్రూమ్ గుమ్మం దగ్గర ద్వారబంధాన్ని రెండు చేతులా పట్టుకుని కేకలు. రిజిస్టరులో రాసింది ఇదీ: "స్నానానికి మొండికేస్తున్నాడు. వేషాలు." ఆ గుమ్మంలో నల్లటి రబ్బరు పట్టా పరిచి ఉంది. డిమెన్షియాలో లోతును అంచనా వేసే చూపు దెబ్బతింటుంది, నేల మీది నల్లని వస్తువు గొయ్యిలా తోచవచ్చు. గోతిలోకి దిగమంటే మీరైనా మొండికేస్తారు. నేల రంగులో కలిసిపోయే పట్టా వేశాక కేకలు తగ్గాయి. ద్వారబంధం పట్టుకోవడం మాత్రం మానలేదు.

నలభై ఏడేళ్ళకే డిమెన్షియా ఏమిటంటారా? ఇందులో వింత ఏమీ లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుందని హోములో అందరికీ తెలుసు. డిమెన్షియా తెచ్చే అల్జీమర్స్ జబ్బులో మెదడులో పేరుకుపోయే అమిలాయిడ్‌కు మూలమైన జన్యువు కూడా ఆ 21లోనే ఉందన్న సంగతి ఎందుకో అక్కడిదాకా చేరలేదు. ప్రతి కణంలోనూ ఆ జన్యువు మూడో నకలు ఉండటంతో సరుకు పుట్టుకతోనే ఎక్కువ తయారవుతుంది. నలభై ఏళ్ళకల్లా దాదాపు అందరి మెదడులోనూ అల్జీమర్స్ మార్పులు కనిపిస్తాయి. లక్షణాలు బయటపడేది సగటున యాభై దాటిన తొలి ఏళ్ళలో. పైగా వీళ్ళలో చాలామందికి మతిమరుపు కంటే ముందే స్వభావం మారుతుంది. ఆసక్తి చస్తుంది, పని నెమ్మదిస్తుంది, చీటికీ మాటికీ చిరాకు పుడుతుంది. అంటే మనం మొండితనమని తిట్టేది చాలాసార్లు జబ్బు తొలి లక్షణాన్నే.

"పుట్టినప్పట్నుంచీ అంతే కదా, కొత్తగా పోయేదేముంది?" అనే మహానుభావులకు ఒక్కటే జవాబు: నిన్న కంచాలు వేసిన మనిషి ఇవాళ వేయలేకపోతే, పోయింది ఆ పనే.

సిబ్బందిని తప్పుపట్టి ఊరుకోవడమూ అన్యాయమే. ఈ రంగంలో అందరూ నేర్చుకున్న మొదటి పాఠం "చేయించాలి, చేసిపెట్టకూడదు" అన్నది. 1984లో సికింద్రాబాద్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ మొదలైన నాటికి అందరి ధ్యాసా పిల్లల మీదే. ఏడేళ్ళ పిల్లాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పడానికి అంతకు మించిన సూత్రం లేదు. అప్పట్లో ముసలితనం పాఠం రాయాల్సిన అవసరమే రాలేదు: అమెరికా లెక్కల్లోనే 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ సగటు ఆయువు 25 ఏళ్ళు. ఇప్పుడది 60 దగ్గరికొచ్చింది. మనుషులు పెద్దవాళ్ళయ్యారు, పాఠం మాత్రం పిల్లాడి దగ్గరే ఆగిపోయింది. ఏడేళ్ళప్పుడు నేర్పిన గుండీ యాభై ఏళ్ళకి చేతికి అందకపోతే, "నువ్వే పెట్టుకో" అని నిలబెట్టడం శిక్షణ అనిపించుకోదు. రెండు గుండీలు మీరు పెట్టి, చివరిది ఆయనకు వదలండి. రేపు అదీ కష్టమైతే అదీ మీరే పెట్టండి.

చిల్లర అపోహలు ఇంకొన్ని ఉన్నాయి. డిమెన్షియా అరవై దాటితేనే వస్తుందట, పైన చదివారుగా. రోజూ ప్రశ్నలడిగితే జ్ఞాపకం నిలుస్తుందట; నిలవదు, పరీక్ష భయం మాత్రం నిలుస్తుంది. నలభై దాటాక తొలిసారి ఫిట్స్ వస్తే "వీళ్ళకి మామూలే"నట. కాదు, వెంటనే న్యూరాలజిస్టుకు చూపించండి.

దీనికి ఎదురు అపోహ కూడా తక్కువ ప్రమాదకరం కాదు. ఒక ట్రైనింగ్ అయ్యాక ప్రతి మార్పునీ డిమెన్షియా ఖాతాలో రాసేస్తారు. థైరాయిడ్ తగ్గినా, చెవిలో గులిమి గడ్డకట్టినా, కంట్లో శుక్లాలు వచ్చినా, మలబద్ధకంతో కడుపు నొప్పెట్టినా, ఈ మనిషి నోటితో చెప్పలేడు, ప్రవర్తనతో చెబుతాడు. ముందు అవన్నీ చూపించాకే మిగతా మాట. ఇక గోల తగ్గించడానికి యాంటీసైకోటిక్ మాత్రలా? డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో అవి మరణాలను పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది.

"ట్రైనింగులు దండగ, అనుభవం చాలు" అనే మాట దగ్గర నేను కొంత తగ్గాలి. జ్యోతి వెలిగించి, ప్రొజెక్టర్ పెట్టి, సాయంత్రానికి సర్టిఫికెట్లు పంచే ఒక్కరోజు సంబరం నిజంగానే దండగ. పదేళ్ళుగా స్నానం చేయిస్తున్న ఆయా డాక్టరు కంటే ముందు తేడా పట్టేస్తుంది, అదీ నిజమే. కానీ ఆమెనెవరూ అడగరు, ఆమె చూసింది రాసుకునే కాగితమూ ఉండదు. ఇంగ్లండ్‌లో సంరక్షణ సంస్థల సిబ్బందికి మేధో వైకల్యం, ఆటిజం మీద శిక్షణ ఇచ్చి తీరాలని 2022లో చట్టమే చేశారు. మన దగ్గర చట్టం కోసం ఆగనక్కర్లేదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న ప్రతి ఒక్కరికీ ముప్ఫై దాటగానే ఫోన్‌లో వీడియో తీయండి: అన్నం తినడం, మెట్లెక్కడం, నచ్చిన పని చేయడం. ఏటా అదే నెలలో మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. "ఇవాళ తేదీ ఎంత, వందలోంచి ఏడు తీసెయ్" అనే మామూలు పరీక్ష ఇక్కడ పనికిరాదు. ఇరవై ఏళ్ళప్పుడే చేయలేని లెక్క యాభైలో తప్పితే తేలేదేముంది? ఆయనను పోల్చాల్సింది నిన్నటి ఆయనతోనే. మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి. పోయిన అమ్మ కోసం అడిగితే రోజూ చావు కబురు చెప్పకండి, అమ్మ ఏం వండేదో అడగండి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. నీళ్ళు తాగినప్పుడల్లా దగ్గు వస్తుంటే మింగడంలో తేడా వచ్చినట్టు, వెంటనే డాక్టరుకు చెప్పండి, అది న్యుమోనియాలోకి దించుతుంది.

నైట్ డ్యూటీ వాళ్ళను వదిలేసి ట్రైనింగ్ పెట్టకండి. అర్ధరాత్రి లేచి తెల్లారిందనుకుని గేటు దగ్గరికి నడిచేవాళ్ళను ఆపాల్సింది వాళ్ళే. పగలు పిలిచి నిద్ర పాడుచేయకుండా డ్యూటీ ఎక్కే ముందు ఓ గంట క్లాసు పెట్టండి. ఆ గంటకు జీతం కూడా ఇవ్వండి.