పేకాటలో వరుస ఓటములు



పేకాటను గూర్చి రేడియోలో ప్రసంగింపబోవుచున్నానని చెప్పగా మా యింట పెద్దలు మొగము ముడుచుకొనిరి. ఆడవద్దని చెప్పుటకైనచో వెళ్లుము, ఎట్లాడవలెనో నేర్పుటకైనచో ఇంటనే కూర్చుండుమనిరి. నేను చెప్పదలచినది ఈ రెండింటిలో దేనికిని సరిగా చెందదు. ఓటమి వెంట ఓటమి వచ్చిపడునప్పుడు ఆటగాని బుద్ధి యే పెడదారులు పట్టునో, అప్పుడు లెక్క యేమాత్రము ఆదుకొనునో, నాకు తగిలిన దెబ్బను ఆధారముగా జేసికొని విన్నవించెదను.

నేను ఎనిమిదేండ్లు అమెరికాలో కొలువు చేసితిని. ఆ దేశపు పేకాటలలో పోకరు మిక్కిలి ప్రసిద్ధమైనది. 19వ శతాబ్ది పూర్వభాగమున న్యూ ఆర్లియన్సు నగరమునను, మిసిసిపి నదిపై తిరుగు పొగయోడలమీదను పెరిగి దేశమంతట వ్యాపించినది. నేడు ఎక్కువగ ఆడు టెక్సాస్ హోల్డెమ్ అను తీరులో ప్రతివానికి రెండు ముక్కలు మూసి పంచుదురు. అందఱికిని చెల్లునట్లు అయిదు ముక్కలు బల్లపై క్రమముగ తెఱచెదరు. ఈ యేడింటిలో మేలైన అయిదు ఎవని కున్నవో కుప్పలోని సొమ్ము వానిది. నడుమ నాలుగు మారులు పందెము పెంచుకొనవచ్చును. ఇష్టము లేనివాడు తన ముక్కలు పడవైచి తప్పుకొనవచ్చును. నేర్పులో ముప్పాతిక వంతు ఈ తప్పుకొనుటలోనే యున్నది.

మొదట శుక్రవారపు రాత్రులయందు తోడి యుద్యోగి యింట చిన్న పందెములతో ఆడెడివారము. రెండేండ్లలో నేను ఎక్కువగ గెలిచితిని. గెలిచినవానికి తాను నేర్పరినని తోచుట సహజము గదా. రెండుగంటల ప్రయాణము చేసి పెద్ద పేకాటశాలకు పోవ మొదలిడితిని. ఆ యేడు శరదృతువున వరుసగా పదునొకండు మారులు ఓడి లేచితిని.

అప్పుడు జరిగినది చెప్పుటకు ఇప్పటికిని సిగ్గగుచున్నది. మా నాయనగారి సంవత్సరీకమునకు స్వదేశము వచ్చుటకై విమానపు టిక్కెట్టు నిమిత్తము 1,400 డాలర్లు వేఱుగా నుంచితిని. ఎనిమిదవ మారు ఓడిన పిమ్మట అందుండి 600 తీసికొంటిని, మఱుసటి వారమే తిరిగి పెట్టెదనను ధైర్యముతో. పదునొకండవ మారు ముగియునప్పటికి అందు 90 డాలర్లు మిగిలెను. భార్యతో ఆఫీసులో పని యెక్కువగ నున్నదంటిని. జ్యేష్ఠపుత్రుడనైన నేను లేకయే ఆ కర్మ జరిగెను. నా తమ్ముడు ఫోనులో, "అన్నయ్యా, నీకు సెలవు దొరకలేదని అమ్మతో చెప్పినాను. నీవును అదే చెప్పుము" అనెను. వాడు నన్నేమియు అడుగలేదు. వానికి తెలియునని ఆ యడుగకపోవుటయే తెలిపినది.

పోయినచోటనే వెదకుకొనవలెనని మనకొక నానుడి గలదు. ఉంగరము పోయిన ఆ మాట మంచిదే. పేకాటలో పోయిన సొమ్మునకు మాత్రము అంతకంటె చేటైన మాట లేదు. ఏలననగా, ఉంగరము పడినచోట పడియుండును. ఓడిన సొమ్ము ఆ బల్లపై లేదు, ఎవనితోడనో యింటికి పోయినది. అయినను మనస్సు ఆ బల్లనే చూపుచుండును. ఇట్లేల యగునో 1979లో డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ యను మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ ప్రసిద్ధ వ్యాసమున వివరించిరి. నూఱు వచ్చిన కలుగు సంతోషముకంటె నూఱు పోయిన కలుగు బాధ యెక్కువ. అందువలన లాభమున జాగ్రత్తగ నుండు మనుష్యుడే నష్టములో పడగానే, దానిని తుడిచివేయుటకై మామూలుగ చేయని సాహసమునకు దిగును. ధర్మజుడు సభలో తమ్ములను వరుసగ ఒడ్డినప్పుడు పాండిత్యము లేక ఒడ్డెనా?

రెండవ భ్రమ మఱింత సూక్ష్మమైనది. ఇన్ని మారులు ఓడితిని గావున ఇక గెలుపు రాక తప్పదనుకొనుట. 1913 ఆగస్టు 18వ తేదీన మాంటీకార్లో జూదశాలలో రూలెట్ చక్రముపై గోళీ వరుసగా 26 మారులు నల్లగడిలో పడెను. వరుస పెరిగిన కొలది జనులు ఎఱుపుపై పందెములు హెచ్చించి పెద్ద మొత్తములు పోగొట్టుకొనిరి. క్రిందటి మారు తానెక్కడ పడెనో గోళీ యెఱుగదు. కలిపి పంచిన పేకయు నంతే. జేకబ్ బెర్నూలీ అను స్విస్ గణితవేత్త మరణించిన ఎనిమిదేండ్లకు, 1713లో, అచ్చయిన గ్రంథమున నిరూపింపబడిన సూత్రమును చాలమంది ఇక్కడ తప్పుగ తలచెదరు. ఆటల సంఖ్య పెరిగిన కొలది ఫలితముల పాలు అసలు పాలునకు దగ్గఱగును, ఇది నిజము. కాని పాత లోటును పూడ్చుటకు ఎవ్వరును రారు. చిటికెడుప్పు గిన్నెడు నీటిలో వేసిన ఉప్పన, చెఱువులో వేసిన తెలియదు. ఉప్పు మాత్రము ఎక్కడికిని పోలేదు.

వరుసలు మనమనుకొనునంత యరుదైనవి కావు. రూపాయి బిళ్లను నూఱు మారులు ఎగురవేసి బొమ్మయో బొరుసో వ్రాసికొనుడు. ఒకే వైపు వరుసగా ఆఱు మారులో అంతకెక్కువయో పడు సందర్భము నూటికి 80 పాళ్లు కనబడును. పోకరులో రెండు ఆసులు చేతికి వచ్చుట 221 మారులకు ఒకటి. అంతకు మించిన జత లేదు. ఎదుటివానికి రెండు రాజులు వచ్చి ఇరువురును ఉన్నదంతయు ఒడ్డినను, ఆసులు గెలుచుట నూటికి సుమారు 82 మారులే. తక్కిన 18 మారులు న్యాయముగ ఆడినవాడే ఓడును. ఇట్టి సందర్భము వరుసగ రెండుమారులు వచ్చినను, రెంటను ఓడుట ముప్పదింట ఒకటి. నూఱు దినములాడి 55 దినములు లాభముతో లేచు సమర్థుని దీసికొనుడు. వానికిని ఆ నూఱు దినములలో వరుసగ అయిదు నష్టదినముల కాలము సుమారొక్కసారి వచ్చుట సహజము. అట్టి సమయమున దశ బాగులేదని జాతకము చూపించుకొనువారిని, కూర్చుండు కుర్చీని మార్చువారిని నేనెఱుగుదును. కుర్చీ మార్చుటలో నష్టములేదు, కొంచెము కాళ్లు సాగును.

ఆ పేకాటశాలలో ఒక ముసలివాడుండెను; పూర్వము బడిలో లెక్కలు చెప్పినవాడు. పదునొకండవ రాత్రి బయట నా ప్రక్క నిలిచి, ఎంత ఓడితివని యడుగలేదు; ఎట్లోడితివని యడిగెను. ముక్కలు బాగుగ పడలేదంటిని. "అన్నిటను నదియేనా? వ్రాసి చూచితివా?" అనెను. పెద్ద కుప్ప లన్నిటిని జ్ఞప్తికి దెచ్చికొని, సొమ్ము ఒడ్డిన క్షణమున ఎవరి ముక్కలు మెఱుగుగ నున్నవో అది మాత్రమే వ్రాయుము, తరువాత ఎవరు గెలిచిరో వ్రాయకుమనెను. ఈ రెండవ భాగమే దీనిలోని రహస్యము. ఫలితము చూచి తీర్పు చెప్పినచో తెలివితక్కువ పందెము గెలిచి మంచిదగును, తెలివైన పందెము ఓడి చెడ్డదగును.

ఎదుటివారి ముక్కలు చివఱ తెఱచి చూపినవి 34 కుప్పలు నాకు జ్ఞప్తికి వచ్చినవి. మొదటి ఆఱు రాత్రులలో 15. వానిలో 11 నేను మెఱుగుగ నున్నప్పుడు ఒడ్డినవి. ఆ యోటములు నిజముగ ముక్కలవి. తరువాతి అయిదు రాత్రులలో 19. వానిలో నేను మెఱుగుగ నున్నవి నాలుగే. మొదటి రాత్రులు నాలుగేసి గంటలు కూర్చుంటిని, చివఱి రాత్రులు తొమ్మిదేసి గంటలు. పందెము రెట్టింపు బల్లకు మారితిని. విడువవలసిన ముక్కలు విడువలేదు. అనగా ఆఱు దినములు దురదృష్టము నన్ను ఓడించెను, అయిదు దినములు నన్ను నేనే ఓడించుకొంటిని. అన్నిటికిని ఒకే పేరు పెట్టి దురదృష్టమంటిని. ఈ స్థితిని అచ్చటివారు టిల్టు అందురు. గోళీ లాడు పిన్‌బాల్ యంత్రమును కోపముతో కుదిపినచో అది ఒరిగినట్లు చూపి ఆట నిలిపివేయును. ఆ మాటయే ఆటగానికి వచ్చినది. మనిషి మాత్రము ఒరిగిన తరువాతనే యెక్కువగ నాడును.

నలుని కథ నాకు అప్పుడు వేఱు రీతిగ బోధపడినది. పుష్కరునితో ఓడిన నలుడు మఱునాడు మరల ఆడుటకు పోలేదు. అడవులు పట్టి, ఋతుపర్ణునికొలువున సారథియై యుండి, తాండ్రచెట్టు ఆకులును కాయలును చూచినంతనే లెక్కించిన ఆ రాజునొద్ద అక్షహృదయమును నేర్చి, అటుపిమ్మటనే మరల కూర్చుండెను. బృహదశ్వుడు ఈ కథను ఎవరికి చెప్పెనన్న, జూదమున ఓడి అడవిలోనున్న ధర్మరాజునకే.

ఇక చేయదగినవి. ఆటకు విడిగ నుంచిన సొమ్ము ఒక మారు బల్లవద్దకు కొనిపోవుదానికి 20, 30 రెట్లు ఉండవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. నాకు నాలుగు రెట్లు మాత్రముండెను, అందును కొంత నాది కాదు, మా నాయనగారిది. ఓటములు వరుసగ వచ్చినప్పుడు చిన్న బల్లకు దిగవలెను. ఇది అవమానముగ తోచును గాని పెద్దబల్లకు ఎక్కుటకంటె వేయిరెట్లు మేలు. ఎంత పోయిన లేవవలెనో, ఎన్నిగంటలకు లేవవలెనో ఇంటివద్దనే వ్రాసికొనవలెను. బల్లవద్ద చేసికొను నిర్ణయము ఓడుచున్నవాని నిర్ణయము. చేయి వణకినను, చెవులు వేడెక్కినను, ఎదుటివానిపై పగ పుట్టినను లేచి నడువవలెను. కొన్ని వారములు పూర్తిగ మానుట అన్నిటికంటె సులభము, అన్నిటికంటె అరుదు.

ఇచ్చట ఒక చేదుమాట దాచరాదు. ఆట నడపువారు ప్రతి కుప్పనుండియు కొంత భాగము తీసికొందురు. కావున సమానులైన వారందఱును చిరకాలమాడిన అందఱును ఓడుదురు. పుస్తకము ఏడాది నింపిన తరువాతను మీ పందెములు మెఱుగుగ కనబడనిచో అది వరుస ఓటమి కాదు. మీ నేర్పునకు వచ్చు సరియైన వెల అదియే. మఱియు అప్పుచేసి ఆడువానికి, ఇంట దాచి ఆడువానికి నా పుస్తకము పనికిరాదు. 2013లో అమెరికా మనోవైద్యులు జూదవ్యసనమును మద్యపాన వ్యసనము సరసన చేర్చిరి. అట్టివాడు వైద్యుని చూడవలెను. 1957లో లాస్ ఏంజెలిస్‌లో జూదరులే ఒకరికొకరు సాయపడుటకై సంఘము పెట్టుకొనిరి. నేను ఆ గీటునకు ఎంత దగ్గఱగ పోయితినో నాకు తెలియును.

మన దేశమున విషయము వేఱు. 1968లో సుప్రీముకోర్టు ఆంధ్రప్రదేశ్‌నుండి వచ్చిన వ్యాజ్యెమున రమ్మీ ప్రధానముగ నేర్పుతో గూడిన ఆట యనియు, మూడుముక్కలాట కేవలము అదృష్టపు ఆట యనియు చెప్పెను. తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను జూదపు చట్టములు బిగింపబడెను. ఫోనులో సొమ్మొడ్డి ఆడు ఆటలను, నేర్పుగలవైనను లేనివైనను, నిషేధించుచు పార్లమెంటు 2025లో చట్టము చేసెను. ఫోనులో బల్ల ఎన్నడును మూయబడదు, ప్రక్కన నిలిచి అడుగు ముసలివాడును ఉండడు.

మఱుసటి యేడు సంవత్సరీకమునకు వచ్చితిని. అమ్మతో నిజము చెప్పితిని. ఆమె చాలసేపు బియ్యము చెఱుగుచుండి, టిక్కెట్టు ధర యెంతయని యడిగెను, చెప్పితిని. మఱి మాటలాడలేదు. రెండు దినముల తరువాత తమ్ముడు పోకరు నేర్పుమనెను. అరుగుపై చింతపిక్కలు పంచుకొని ఆడితిమి. వాడు ఆటకు క్రొత్తవాడైనను నన్ను ఏడుమారులు వరుసగ ఓడించెను. ఏడింటిలో అయిదు మారులు నాదే మెఱుగు. పుస్తకములో వ్రాసికొంటిని.