మూన తిరిగేదాకా

“మీకు మా ఊరి నీళ్లు పడలేదండీ.”

పాలు పోయడానికి వచ్చినావిడ మా ఆవిడ జడ చూసి అన్న మాట ఇది. హైదరాబాదులో పద్నాలుగేళ్లు కాపురం చేసి, ఆ ఏడు మే నెలాఖరున పాలకొల్లు దగ్గరి మా ఊళ్లో సామాను దించుకున్నాం. ఆగస్టు ఆఖరుకి దువ్వెన పెడితే చాలు, గుప్పెడు జుట్టు వచ్చేస్తోంది. మావాడు కొత్త బడిలో చేరిన రెండు నెలల్లో మూడుసార్లు జలుబుతో పడుకున్నాడు. నాకేమో ఒళ్లంతా జిడ్డు, రాత్రి నిద్ర పట్టదు. దేనికి కారణం అడిగినా ఊరంతా ఒకటే జవాబు: నీళ్లు మారాయి కదా!

అది జరిగి చాలా ఏళ్లయింది. 2020 తర్వాత, ఇంటి నుంచే పని చేసుకోవచ్చని నగరం వదిలి సొంతూరు చేరినవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్లూ ఇదే ప్రశ్నతో వస్తున్నారు. తలంటుకి ఇరవై లీటర్ల టిన్నులు కొంటున్నవాళ్లను చూశాను. నీళ్లు పడలేదన్న ఒక్క మాట మీద మూడు నెలలకే ఇల్లు ఖాళీ చేసి మియాపూర్ బస్సెక్కిన కుటుంబాన్నీ చూశాను. ఆ కుటుంబం వెళ్లిపోయిన రోజున నాకు నిజంగా బాధ కలిగింది. ఎందుకంటే వాళ్లు పారిపోయింది తప్పుడు శత్రువును చూసి.

అసలు హైదరాబాదు నీళ్లు అంటూ ఒకటుందా? 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ మొదట ఆ నగరానికి నీళ్లిచ్చాయి. తర్వాత మంజీర, సింగూరు. 2004లో నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి. వీటికి తోడు అపార్ట్‌మెంటు బోరు, అది ఎండితే ఎక్కడిదో తెలియని ట్యాంకరు. నగరంలో ఉన్నన్నాళ్లూ మన కుళాయిలో నీళ్లు మారుతూనే ఉన్నాయి. అప్పుడు ఎవరికీ పడకపోవడం జరగలేదు. పైగా నగరం ఉత్తర భాగానికి వెళ్లేదీ గోదావరే, మా కాలవలో పారేదీ గోదావరే.

మరి ఒంట్లో జరుగుతున్నదేమిటి? అది నాకు మా ఇంటి వెనక చేలో అర్థమైంది.

నారుమడిలో పాతిక ముప్పై రోజులు చిక్కటి ఆకుపచ్చగా నిలబడిన నారును పీకి, కట్టలు కట్టి, గట్టు మీంచి దమ్ము చేసిన చేలోకి విసురుతారు. నాటిన రెండో రోజో మూడో రోజో వెళ్లి చూడండి. మొక్కలు వాలిపోయి, కొసలు ఎండి, చేనంతా పసుపు తిరిగి ఉంటుంది. వారం పది రోజులకు మొక్క మధ్యలోంచి ఒక లేత ఆకు సూదిలా లేస్తుంది. దాన్ని మా రైతులు మూన తిరిగింది అంటారు. ఆ పసుపును చూసి ఈ చేని నీళ్లు ఈ నారుకు పడలేదని ఏ రైతూ అనడు. పీకేటప్పుడు వేళ్లు తెగాయని, ఆకు మాత్రం ఎప్పటిలాగే నీటిని గాలికి వదులుతోందని, కొత్త వేరు దిగేదాకా ఈ లోటు తప్పదని అతనికి తెలుసు. అందుకే మూన తిరిగేదాకా చేలో నీరు తగ్గకుండా చూసుకుంటాడు.

మనిషికీ వేళ్లు తెగుతాయి. వరికి లేని చిక్కు ఒకటి మనిషికుంది. మన వేళ్లన్నీ ఒకే గడువులో నాటుకోవు. నిద్రకు కొన్ని రాత్రులు, చెమటకు రెండు వారాలు, జుట్టుకు నెలల తరబడి. అన్నీ ఒకేసారి మొదలై వేర్వేరు రోజుల్లో బయటపడతాయి కనుక, ఒకటి సర్దుకుందనుకునేలోగా ఇంకొకటి తలెత్తుతుంది. అంతా కలిపి చూసినవాళ్లకు ఊరే పడలేదనిపిస్తుంది.

జుట్టు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నీళ్ల మీద పడే నిందల్లో పెద్దది అదే.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకా తన కుదురులో రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపేస్తుంది. ఆపేసిన వెంటనే రాలదు. మూడు నెలల పాటు అదే కుదురులో ఊరికే నిలబడి ఉంటుంది. ఆ తర్వాత దాని చోట కొత్తది మొలుస్తుండగా ఊడి వస్తుంది. మామూలు రోజుల్లో నూటికి ఎనభై అయిదు, తొంభై వెంట్రుకలు పెరుగుతూ ఉంటే, మిగతావి ఇలా సెలవులో ఉంటాయి. అందుకే ఏ జబ్బూ లేనివారికి కూడా రోజుకు యాభై నుంచి వంద దాకా రాలతాయి. ఎవరూ లెక్కపెట్టరు.

గట్టి జ్వరమో, కాన్పో, ఆపరేషనో, తిండీ నిద్రా చెడిన వారాలో, మనసును కుదిపేసిన మార్పో వచ్చినప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. గుండెకూ మెదడుకూ లోటు రాకూడదు, జుట్టు పెరగకపోయినా ప్రాణానికి నష్టం లేదు. పెరుగుతున్న వెంట్రుకల్లో చాలావాటిని ఒకేసారి సెలవులోకి పంపేస్తుంది. ఆ రోజు అద్దంలో ఏ తేడా కనిపించదు. రెండు మూడు నెలలయ్యాక అవన్నీ ఒక్కసారిగా గడువు తీరి రాలిపోతాయి. డాక్టర్లు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు.

ఇప్పుడు మా క్యాలెండరు చూడండి. ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు ఖాళీ చేయడం, అడ్వాన్సు కోసం ఓనరు చుట్టూ తిరగడం, పిల్లవాడి టీసీ, ఉద్యోగం ఏమవుతుందోనన్న బెంగ, మా అమ్మ ఆరోగ్యం, సగం రోజులు హోటలు భోజనం. ఆ దెబ్బ తగిలింది మేలో. జుట్టు రాలింది ఆగస్టులో. ఆగస్టులో కళ్లెదుట ఉన్నది బకెట్టులోని నీళ్లే. దొంగతనం మేలో జరిగితే, ఆగస్టులో ఆ వీధిలో నడుస్తున్న మనిషిని పట్టుకున్నట్టు, మనం నీళ్లను పట్టుకున్నాం.

దీన్ని మీరే ఇంట్లో పరీక్షించుకోవచ్చు. రాలిన వెంట్రుకలను తెల్లకాగితం మీద పరిచి, వెలుతురులో కొసలు చూడండి. ఒక కొసన గసగసాల గింజకన్నా చిన్నదైన తెల్లని బుడిపె ఉంటే, అది కుదురు నుంచి గడువు తీరి వచ్చింది. బుడిపె లేకుండా ఉంటే మధ్యలో తెగింది. ఆ రోజు మా ఆవిడ పరిచిన ఇరవై మూడింటిలో ఇరవై ఒకటికి బుడిపె ఉంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే సబ్బు నురగ రాదు, తెట్టులా కట్టి వెంట్రుకకు పట్టుకుంటుంది, జుట్టు గరుకై తెగుతుంది. అంటే ఆ నీళ్లు చేయగలిగేది రెండో రకం నష్టం. కుదురులోంచి పీకే శక్తి వాటికి లేదు. తెగడం బాధిస్తుంటే తలకు సబ్బు మానేసి కుంకుడుకాయ వాడండి. కుంకుడు రసం అలాంటి నీళ్లలోనూ నురుగొస్తుంది, తెట్టు కట్టదు.

సంక్రాంతికి మా ఆవిడ నుదుటి మీద పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు నిక్కి నిలబడ్డాయి. చేలో సూదిమొలక చూసినంత సంతోషమేసింది. సాధారణంగా ఈ రాలడం ఆరు నెలల్లో ఆగిపోతుంది. ఆగకపోయినా, బిళ్లలు బిళ్లలుగా ఊడినా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్, రక్తహీనత లాంటివి ఉన్నాయేమో వాళ్లు చూస్తారు.

మిగతావి త్వరగా చెబుతాను. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పొడి. డెల్టాలో గాలి నిండా తేమ, చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. రోజూ కొంతసేపు ఆ వేడిలో తిరిగితే పది పద్నాలుగు రోజుల్లో శరీరం నేర్చుకుంటుంది: చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో ద్రవం పెరుగుతుంది. పగలంతా ఏసీ గదిలో ఉంటే ఈ పాఠం మొదలే కాదు. పెద్దవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎండపూట బయటికి వెళ్లొద్దు, ఉదయం సాయంత్రం చాలు. నిద్ర విషయానికొస్తే, కొత్త చోట మొదటి రాత్రి మెదడు ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోదని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో చూపించారు. ఒక సగం కావలి కాస్తుంది. ట్రాఫిక్ హోరులో నిద్రపోయిన మనిషి ఇక్కడ కప్పల బెకబెకకు లేచి కూర్చోవడంలో వింతేమీ లేదు. ఇక పిల్లల జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. కొత్త బడి, కొత్త పిల్లలు, వాళ్ల దగ్గరున్న కొత్త వైరస్‌లు. నీళ్లకు ఇందులో పాత్ర లేదు.

         

నీళ్లు ఎప్పుడూ నిర్దోషులే అని నేననడం లేదు. మనదేశంలో ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్ల వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించింది మన దగ్గరే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో. నల్లగొండలో ఇదే జబ్బు కథ అందరికీ తెలిసిందే. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, మరిగించినా పోదు. దాని దెబ్బ మూడో నెలలో జుట్టు మీద కనిపించదు, ఏళ్ల తర్వాత పిల్లల పళ్ల మీద, పెద్దల ఎముకల్లో కనిపిస్తుంది. నగరం నుంచి వచ్చినవాళ్లు భయపడవలసింది దానికి.

ఇంకొకటి, మా వైపు వేసవిలో కాలవలు కట్టేస్తారు. ఊరికి మంచినీళ్ల చెరువులో నిలవ నీరే దిక్కు. మే వచ్చేసరికి అది అడుగంటి పచ్చబడుతుంది. సరిగ్గా అప్పుడే, బడులు తెరిచేలోగా దిగాలని, నగరం వాళ్లు సామానుతో వస్తారు. ఆ రోజుల్లో విరేచనాలు పట్టుకుంటే అది క్రిముల పని. నీళ్లు కాచి తాగితే అది రాకుండా చూసుకోవచ్చు.

నారు గురించి ఇంకో మాట. నారు ముదిరితే ఆకు కొసలు తుంచి నాటుతారు. పురుగు గుడ్లు పోతాయి, తెగిన వేరు మీద భారమూ తగ్గుతుంది. పెద్ద వయసులో ఊరు మారేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మొదటి పంటకాలం కొసలు తుంచుకోండి. వస్తూనే ఇల్లు పడగొట్టి కట్టడం, దాచుకున్నదంతా పెట్టి రొయ్యల చెరువు లీజుకు తీసుకోవడం, రెండూ వద్దు. లేత నారుకు ఈ బాధ తక్కువ. శ్రీ వరి సాగు పద్ధతిలో ఎనిమిది నుంచి పన్నెండు రోజుల నారును గింజతో, మట్టితో సహా తీసి నాటితే పెద్దగా వాడదు. మావాడు నెల తిరక్కుండానే కాలవగట్టు మీద నలుగురు స్నేహితులను సంపాదించాడు. నాకు ఏడాదిన్నర పట్టింది. “ఎవరి అబ్బాయండీ మీరు?” అని ప్రతి అరుగు మీదా అడిగితే మొదట్లో చిరాకు పడేవాణ్ణి. నగరంలో మనకు చిరునామా డోరు నంబరు, ఇక్కడ తాతగారి పేరు. అది చెప్పాక కరెంటు పనివాడి దగ్గర్నుంచి కాంపౌండరు దాకా అందరూ పిలిస్తే పలికారు. నారుమడిలో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడిన మొక్కలకు పిలకలు సరిగ్గా రావు. చేలో ఎడం దొరికాకే వస్తాయి. ఆ ఎడం మొదటి నెలల్లో ఒంటరితనంలా అనిపిస్తుంది.

జూన్‌లో ఊరు చేరినవాళ్లు సంక్రాంతి దాకా తిరిగి వెళ్లే మాట ఎత్తకండి. ఈలోగా మీ బోరు నీళ్లూ, కుళాయి నీళ్లూ పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో ప్రయోగశాలలున్నాయి. క్రిముల పరీక్షకు మాత్రం ఇంట్లో సీసా పనికిరాదు, శుభ్రపరిచిన సీసా వాళ్ల దగ్గరే అడిగి తీసుకుని, పట్టిన రోజే ఇచ్చి రావాలి. ఫ్లోరైడు, నైట్రేటు, క్రిములు, ఈ మూడూ తప్పకుండా చూడమనండి.