అచ్చైనదని యంత్రము చెప్పిన చాలునా?

జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలమున గాని, రాష్ట్రమందలి మరే మండలమున గాని, నేడు పంచాయతీ పనులలో చేతివ్రాత తగ్గి కంప్యూటరు అచ్చు పెరిగినది. పన్ను రసీదు, జనన ధ్రువపత్రము, గ్రామసభ ముందుంచు లెక్కల ప్రతి మున్నగునవి ప్రింటరు నుండియే వెలువడుచున్నవి.

వీనిలో జనన ధ్రువపత్రము విలువ మిక్కిలి పెరిగినది. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టమునకు 2023లో జరిగిన సవరణ ప్రకారము, ఆ యేడు అక్టోబరు 1వ తేదీన గాని, ఆ తరువాత గాని జన్మించిన వారికి బడిలో చేరుటకు, ఓటరు జాబితాలో పేరు చేర్చుటకు, పాస్‌పోర్టు పొందుటకు ఈ పత్రమే పుట్టిన తేదీకి రుజువు. కావున ఒక్క కాగితము లోపించినను ఒక కుటుంబము చిక్కులలో పడగలదు.

కంప్యూటరులో ఆజ్ఞ ఇచ్చినంతనే కాగితము వెలువడదు. ఆ పని మొదట వరుసలో నిలుచును. పిదప ప్రింటరునకు చేరును. చివరకు కాగితముపై కెక్కును. తెరపై కనిపించు 'పూర్తియైనది' అను మాటకు పలుమారులు 'ప్రింటరునకు అప్పగించితిని' అనియే అర్థము. ఈలోపల కాగితము ఇరుక్కొనవచ్చును, సిరా అయిపోవచ్చును, కరెంటు పోవచ్చును. పది పుటల లెక్కలలో ఎనిమిదియే రావచ్చును. తొందరపడి మరల మీట నొక్కినచో, నిలిచియున్న పనియు కదలి ఒకే పత్రము రెండు ప్రతులుగా వచ్చుటయు కలదు.

ఓటరులు ఎరిగిన దృష్టాంత మొకటి గలదు. 2018 శాసనసభ ఎన్నికలలో తెలంగాణమున వీవీప్యాట్ యంత్రములను వాడిరి. ఓటు వేసిన పిమ్మట అభ్యర్థి పేరు, గుర్తు గల చీటీ అద్దము వెనుక 7 సెకండ్లు కనిపించి పెట్టెలో పడును. యంత్రము మాటను నమ్మి ఊరకుండక, ఓటరు తన కన్నులతో అచ్చును చూచుకొనవలెనన్నదే దాని ఉద్దేశము. పంచాయతీ కార్యాలయమునకును ఇదే నీతి వర్తించును.

సభ్యులు కార్యదర్శితో ఆలోచించి ఈ క్రింది పద్ధతులను అమలుపరచుట మేలు.

1. పుటలు లెక్కించి, చివరి పుట వచ్చినదో లేదో చూడవలెను.

2. పేరు, తేదీ, సంఖ్య స్పష్టముగా అచ్చుపడినవో లేదో చదివి చూడవలెను.

3. మరల ముద్రించుటకు ముందు, వరుసలో నిలిచిన పనిని రద్దు చేయవలెను. చెడిన ప్రతిని ఎవరి చేతికిని పోనీయక చించివేయవలెను.

4. పన్ను నోటీసుల సంఖ్యను పన్ను విధించిన ఇండ్ల సంఖ్యతో సరిపోల్చవలెను.

5. పత్రము చేతికందిన పిమ్మటనే 'ఇచ్చితిమి' అని రిజిస్టరులో వ్రాసి, పుచ్చుకొన్నవారి సంతకము తీసికొనవలెను.

ఇందులకు పట్టునది కొలది నిమిషములే. ఒకనాటి కూలి మానుకొని కార్యాలయమునకు వచ్చిన మనిషి, అదే కాగితమునకై మరునాడు మరల రానవసరము లేకుండుటయే పంచాయతీకి గౌరవము.