అడవిని కప్పుగా వేసుకున్న చర్చి

ఈసారి మన గోడ పత్రికలో పారిస్ పట్టణంలో ఉన్న నోత్రదామ్ చర్చి గురించి రాస్తున్నాను. నేను దాన్ని ఫోటోలోనే చూశాను.

బిషప్ గారి పీఠం ఉండే చర్చిని కెథడ్రల్ అంటారు. నోత్రదామ్ అంటే 'మన తల్లి', అంటే మరియమ్మ తల్లి. ఈ చర్చి సీన్ నది మధ్యన లంక మీద ఉంది. 1163లో కట్టడం మొదలుపెడితే సుమారు 1345కి అయ్యింది. అంటే దగ్గర దగ్గర 180 ఏళ్లు! పునాది తీసిన వాళ్లు పూర్తయిన చర్చిని చూడనే లేదు.

ఫ్రాన్సు విప్లవం అప్పుడు 1793లో, తమ దేశపు రాజుల బొమ్మలు అనుకొని 28 విగ్రహాల తలలు కొట్టేశారు. నిజానికి అవి బైబిల్లోని యూదా రాజుల బొమ్మలు. వాటిలో 21 తలలు 1977లో మట్టిలో దొరికాయి.

చర్చి కప్పులో ఓక్ చెట్ల దూలాలు ఎన్ని ఉండేవంటే, దాన్ని అక్కడి వాళ్లు 'అడవి' అనే పిలిచేవాళ్లు. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం ఆ అడవి అంటుకుంది. పొడుగాటి శిఖరం కూలిపోయింది. కాని చర్చి మొత్తం పోలేదు. ఎందుకంటే చెక్క కప్పు కింద రాతి కప్పు ఇంకొకటి ఉంది. అక్కడక్కడ కన్నాలు పడినా, అది మంటను చాలావరకు ఆపింది. ఫైరింజన్ వాళ్లు రెండు గోపురాలను కాపాడారు.

మళ్లీ కట్టడానికి సుమారు 2000 ఓక్ చెట్లు కావలసి వచ్చాయి. నాకు ఆశ్చర్యం అనిపించింది ఏంటంటే, మిషన్లు ఉండి కూడా చాలా దూలాలను వడ్రంగులు పాతకాలం లాగే గొడ్డళ్లతో చెక్కారు. గొడ్డలితో చెక్కితే కర్ర నార తెగకుండా దూలం గట్టిగా ఉంటుంది.

మా తాత కూడా ఇంటి దూలం గొడ్డలితోనే చెక్కుతాడు. తాతకు చదువు రాదు, వేలిముద్ర వేస్తాడు. హాస్టల్‌కి వచ్చి వేలిముద్ర వేసినప్పుడు నేను సిగ్గుతో పక్కకు వెళ్లిపోయాను. ఇది చదివాక నాకు చాలా బాధేసింది. సెలవుల్లో ఈ చర్చి కథ చెప్తే తాత నవ్వి, "మీ నాన్న ఈ పని నేర్చుకోలేదు, నువ్వన్నా రాసిపెట్టమ్మా" అన్నాడు. రాస్తున్నాను, సగం నోట్‌బుక్ అయ్యింది.

2024 డిసెంబర్ 8 నుండి చర్చిలో మళ్లీ పూజలు జరుగుతున్నాయి. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. ముందుగా పేరు రాయించుకోవచ్చు, లేకపోతే లైన్లో నిలబడాలి. గుండ్రటి పెద్ద రంగుటద్దాల కిటికీలు చూడొచ్చు. గోపురం ఎక్కాలంటే మాత్రం టికెట్ కొనాలి, 400కు పైగా మెట్లున్నాయి.

ఈసారి ఇంటికి వెళ్తే మీ తాతల్ని, అమ్మమ్మల్ని కూడా వాళ్ల పనుల గురించి అడిగి రాసుకోండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగాలి.

— 9వ తరగతి విద్యార్థిని